తెరిచి వదిలేసిన వాల్వ్

అనగనగా ఒక అత్తగారు, ఆవిడకు ఇద్దరల్లుళ్ళు. పెద్దల్లుడిది న్యూజెర్సీ, చిన్నల్లుడిది డాలస్. తెనాలి నుంచి వచ్చిన అత్తగారికి ఎల్లోస్టోన్ చూపిద్దామని జులైలో సాల్ట్ లేక్ సిటీలో ఒక ఆర్‌వీ, అంటే ఇల్లులా ఉండే బండి, అద్దెకు తీసుకున్నారు. ఆవిడ సరేనన్నది మాత్రం వేడినీటి బుగ్గల కోసం కాదు. తెనాలి ఇల్లు అమ్మకానికి పెట్టారు. ఆ ఇంటి మీద డాబా వేసినప్పుడు పెద్దల్లుడు డబ్బిచ్చాడు. అది అప్పా, సాయమా అన్నది అప్పుడెవరూ అడగలేదు. ఇప్పుడూ అడగడం లేదు. ఇద్దరూ నాలుగు రోజులు ఒకే బండిలో ఉంటే ఆ మాట రాకపోతుందా అని ఆవిడ ఆశ.

బండి అప్పగించిన మనిషి అంతా వివరంగా చెప్పాడు. వంట నీళ్ళు, స్నానం నీళ్ళు గ్రే ట్యాంకులోకి, మరుగుదొడ్డిది బ్లాక్ ట్యాంకులోకి పోతాయి. "బ్లాక్ ట్యాంక్ వాల్వ్ ఎప్పుడూ మూసే ఉంచండి. మూడింట రెండు వంతులు నిండాకే తెరవండి. ముందు బ్లాక్, తరవాత గ్రే. వెనకొచ్చే సబ్బునీళ్ళు గొట్టాన్ని కడిగేస్తాయి" అన్నాడు. పిల్లలు ముక్కులు మూసుకుని నవ్వారు. పెద్దలకు ఆ నవ్వే గుర్తుండిపోయింది.

దిగింది ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్‌వీ పార్కులో. ఎల్లోస్టోన్ మొత్తంలో నీళ్ళు, కరెంటు, మురుగు గొట్టం మూడూ ఉన్న క్యాంపు అదొక్కటే. గ్రిజ్లీ ఎలుగుబంట్లు తిరిగే చోటు కాబట్టి అక్కడ గుడ్డ డేరాలు వేయనివ్వరు, గట్టి గోడలున్న బండ్లకే చోటు. పక్కనున్న వంతెన 1937 నాటిది. దాని మీద 1973 నుంచి చేపలు పట్టనివ్వడం లేదు.

మురుగు గొట్టం తగిలించగానే చిన్నల్లుడికి ఒక ఉపాయం తట్టింది. "అన్నయ్యగారూ, గొట్టం ఉండనే ఉంది. రెండు వాల్వులూ తెరిచి వదిలేద్దాం. ఎప్పటిదప్పుడే పోతుంది, మనం ముట్టుకోనక్కర్లేదు." అద్దె మనిషి మాట పెద్దల్లుడికి గుర్తొచ్చింది. కానీ కాదంటే ఆ చేతి తొడుగులు తనే వేసుకోవాలి. "నీ ఇష్టం తమ్ముడూ" అన్నాడు.

మూడు రోజులు బాగానే గడిచాయి. పోపు వేసినప్పుడల్లా పొగ అలారం మోగింది, పిల్లలు తువ్వాలు పట్టుకుని విసిరారు. బండి పక్కన చాపిన గుడ్డ పందిరిని మడవకుండా షికారుకెళ్తే మధ్యాహ్నం గాలివాన దాని చెయ్యి వంచేసింది. దానికి కట్టాల్సిన డబ్బు చెరిసగం అని క్షణంలో ఒప్పేసుకున్నారు. సినిమాలు, క్రికెట్, గ్రీన్ కార్డు, పిల్లల కాలేజీ అన్నీ మాట్లాడుకున్నారు, తెనాలి తప్ప. ట్యాంకు పానెల్ మీద దీపం 'ఖాళీ' అనే చూపిస్తోంది. చిన్నల్లుడు రోజూ దాన్ని చూసి మురిసిపోయాడు.

నాలుగో రోజు తెల్లవారేసరికి మరుగుదొడ్డిలో నీళ్ళు కిందికి దిగలేదు. పైకొచ్చాయి. క్యాంపు వాళ్ళ మరుగుదొడ్లకు పరిగెడదామని తలుపు తీస్తే మెట్టు ముందే ఒక అడవిదున్న పడుకుని నెమరేస్తోంది. దున్నకు 25 గజాలు, ఎలుగుకు 100 గజాలు ఎడం ఉండాలని పార్కు నియమం. ఈ దున్నకూ తలుపుకూ మధ్య రెండు గజాలు కూడా లేవు. అదిలించబోయిన పెద్దల్లుణ్ణి చొక్కా పట్టుకుని లోపలికి లాగారు. లోపల తొమ్మిది మంది, బయట దున్న. ఆ గంటలో ఎవరెవరు ఎలా ఓర్చుకున్నారో రాయడం మర్యాద కాదు.

దున్న దాని ఇష్టమొచ్చినప్పుడు లేచి వెళ్ళాక పక్క బండి పెద్దాయన వచ్చాడు. రిటైరై ఆర్‌వీలోనే కాపురముంటున్నవాడు. వాల్వ్ చూసి తల ఊపాడు. "తెరిచి పెడితే నీళ్ళు పోతాయి. గట్టిది కదలక కూర్చుని ఎండిపోయి గుట్టవుతుంది. దాన్ని తోసుకుపోవడానికి నీళ్ళు కావాలి, ఆ నీళ్ళేమో ముందే పోయాయి" అన్నాడు. వాల్వ్ మూసి, గుట్టను కర్రతో కదిపి, ట్యాంకు నిండా నీళ్ళు పోసి, బండిని కొన్ని మైళ్ళు నడిపి రమ్మన్నాడు. ఆ కుదుపులకు గుట్ట కరగాలి.

అల్లుళ్ళిద్దరే బండెక్కి హేడెన్ లోయ వైపు బయల్దేరారు. మడ్ వాల్కనో దగ్గర గంధకపు కంపు కొట్టింది. అది నేలదో బండిదో ఇద్దరికీ తెలియలేదు. లోయలో దున్నల మంద రోడ్డెక్కి కూర్చుంది, ముందూ వెనకా కార్లు ఆగిపోయాయి. వెనక ట్యాంకులో నీళ్ళు నానుతున్నాయి. మాట్లాడుకోవడానికి సినిమాలూ క్రికెట్టూ అప్పటికే అయిపోయాయి. "ఆ డాబా డబ్బు సంగతి..." అన్నాడు పెద్దల్లుడు. అరుపులు అద్దాల బయటికీ వినిపించాయంటారు.

నీతి: సులువుగా పోయేవి వాటంతటవే పోతాయి, కదిలించాల్సినది కదిలించేవాళ్ళు వచ్చేదాకా అక్కడే గట్టిపడుతుంది.

ఇంతవరకు ఎవరైనా చెబుతారు. నాకు నచ్చింది ఈ కథలోని రెండో మాట. ఎప్పటికప్పుడు మాట్లాడుకుంటే ఏ గొడవా ఉండదని పెద్దలంటారు. ఈ తోడల్లుళ్ళు ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో మాట్లాడుకుంటూనే ఉన్నారు. తెరిచిన వాల్వ్ అదే. కుశలప్రశ్నలన్నీ పారిపోయేవి, పానెల్ ఖాళీ చూపేది. కొన్నిటిని కొంతకాలం మూసి ఉంచాలి, దాచడానికి కాదు, తగినంత నీరు చేరాక ఒక్కసారిగా వదలడానికి. రెండు వంతులు నిండాక కూడా తెరవకపోతే మాత్రం అది వేరే తప్పు.

వెనక్కొచ్చాక చేతి తొడుగులు చిన్నల్లుడే వేసుకున్నాడు. టార్చి పెద్దల్లుడు పట్టుకున్నాడు. ముందు బ్లాక్, తరవాత గ్రే. తెనాలి ఇల్లు ఇంకా అమ్ముడుపోలేదు. పోతే డాబా అసలు ముందు తీసి పెద్దల్లుడికిచ్చి, మిగిలింది సమంగా పంచాలన్నదాకా వచ్చారు. వడ్డీ దగ్గర ఇంకా బేరం నడుస్తోంది.