ఒక సున్న ఎక్కువైంది

ఉత్తరరామచరితం పూర్తికాగానే భవభూతి దాన్ని కాళిదాసుకు వినిపించాడని పండితుల నోట ఒక కథ నడుస్తోంది. ఆ వేళకు కాళిదాసు చదరంగం ఆడుతున్నాడట. ఎత్తులు వేస్తూనే నాటకమంతా విన్నాడు. బాగుందన్నాడు. ఒక్కచోట మాత్రం సున్న ఒకటి ఎక్కువైందన్నాడు.

ఆ చోటు మొదటి అంకంలో ఉంది. తమ కథనే గీసిన చిత్తరువులు చూస్తుంటే రాముడికి గోదావరి ఒడ్డున సీతతో గడిపిన రాత్రులు గుర్తుకొస్తాయి. చెంపకు చెంప చేర్చి, ఒక వరస అంటూ లేని కబుర్లు మెల్లమెల్లగా చెప్పుకుంటుంటే జాములు తెలియకుండా దొర్లిపోయిన రాత్రులవి. కథ ప్రకారం భవభూతి అక్కడ ‘ఏవం’ అని రాశాడు. రాత్రి ఈ విధంగా గడిచిపోయిందని అర్థం. సున్న తీసేస్తే అది ‘ఏవ’ అవుతుంది. అప్పుడు గడిచిపోయింది రాత్రి మాత్రమే, కబుర్లు ఇంకా మిగిలే ఉన్నాయి. ఒక సున్న చెరిగినందుకు ఆ దంపతుల ప్రేమకు అంతు లేకుండా పోయింది.

చరిత్ర ఈ కథను ఒప్పుకోదు. భవభూతి ఎనిమిదో శతాబ్దంవాడు. కనౌజు రాజు యశోవర్మ ఆశ్రయంలో ఉన్నాడని కల్హణుడు రాజతరంగిణిలో రాశాడు. కాళిదాసు పేరేమో 634 నాటి ఐహోళె శాసనంలోనే ఉంది. ఆ శాసనం రాసిన రవికీర్తి తన కీర్తిని కాళిదాసు, భారవుల కీర్తితో పోల్చుకున్నాడు. అంటే అప్పటికే కాళిదాసు కవులకు కొలబద్ద అయిపోయాడు. ఈ ఇద్దరు కవులూ ఒక గదిలో కూర్చునే వీలే లేదు.

అయినా ఆ కథ చావలేదు. రాసే ప్రతివాడి మనసులోనూ ఉండే కోరిక అందులో ఉంది మరి. తాను రాసింది ఒక మహాకవి చదవాలి, తప్పుంటే ఆయన నోటి నుంచే వినాలి. ఈ కోరిక వెనుక తత్త్వానికి సంబంధించిన ప్రశ్న ఒకటి దాగి ఉంది. చనిపోయిన కవిని మనసులో కూర్చోబెట్టుకుని తీర్పు అడిగినప్పుడు, జవాబిచ్చేది ఆయనా, అడిగినవాడేనా?

అసలు భవభూతి తీర్పు కోసం వెనక్కి చూసిన మనిషి కాదు. మాలతీమాధవం ప్రస్తావనలో ఆయన తనను చులకన చేసినవాళ్ళను పక్కనపెట్టి, తనలాంటి మనసున్నవాడు ఎక్కడో ఉంటాడనో ఎప్పుడో పుడతాడనో నమ్మకం పెట్టుకున్నాడు. కాలానికి అంతు లేదు, భూమి చిన్నదీ కాదు. ఇంచుమించు రెండు శతాబ్దాల తరవాత రాజశేఖరుడు ఆ పిలుపు అందుకున్నాడు. ఒకప్పటి వాల్మీకే భర్తృమేంఠుడై, భవభూతి అయి, ఇప్పుడు తనై పుట్టాడని చెప్పుకున్నాడు. దీన్ని గొప్పలు చెప్పుకోవడంగా కొట్టిపారేయడం తేలిక, కానీ న్యాయం కాదు. పూర్వకవి తనలోనే ఉన్నాడని నమ్మినవాడు ఆయన ముందు సిగ్గుపడేలా రాయలేడు.

ఆ రాజశేఖరుడే కావ్యమీమాంసలో కవికి కారయిత్రి ప్రతిభ కావాలని, చదివేవాడికి భావయిత్రి ప్రతిభ కావాలని విడదీసి చెప్పాడు. విమర్శకుల్లోనూ నాలుగు రకాలు చూపించాడు. అరోచకికి ఏదీ రుచించదు. సతృణాభ్యవహారి గడ్డితో సహా అన్నీ మింగేస్తాడు. మత్సరికి మంచి కనబడినా నోరు పెగలదు. సారాన్ని పట్టుకునే తత్త్వాభినివేశి ఎక్కడో వేలల్లో ఒకడు. మనసులో కాళిదాసును నిలుపుకున్నవాడు ఈ పట్టిక దగ్గర పెట్టుకోవాలి. ఊహలో కూర్చున్న మహాకవి ఒకరోజు అరోచకి అయి కలం కదలనివ్వడు, మరోరోజు గడ్డి కూడా బాగుందంటాడు. ఆ రెండూ రాసేవాడి భయం, ఆశ వేసుకున్న వేషాలే.

గ్రీకులోనూ ఈ సాధన ఉంది. శైలిలోని ఔన్నత్యం గురించి లాంజైనస్ పేరుమీద నిలిచిన గ్రంథం, ఇదే మాట హోమర్ అయితే, ప్లేటో అయితే, డెమోస్తనీస్ అయితే ఎలా చెప్పేవాడో ఆలోచించమంటుంది. వాళ్ళే ఎదుట కూర్చుని వింటే ఏమనుకునేవాళ్ళో ఊహించమంటుంది. అక్కడితో ఆగకుండా, రాబోయే తరాలు ఎలా వింటాయో కూడా అడగమంటుంది.

తెలుగువాళ్ళు దీన్ని దేవుడి దాకా తీసుకెళ్ళారు. కేతన తన దశకుమారచరిత్రాన్ని రాజుకో దేవుడికో కాక, తిక్కనకు అంకితమిచ్చాడు. బతికున్న మహాకవినే ఎదుట కూర్చోబెట్టుకున్నాడన్నమాట. ఆ తిక్కన తన భారతాన్ని హరిహరనాథుడికి వినిపించాడు. తండ్రి కొమ్మన కలలో కనిపించాడని, ఆ తరవాత స్వామి దర్శనమిచ్చాడని విరాటపర్వం అవతారికలో చెప్పుకున్నాడు. వినేది అంతా తెలిసినవాడైతే మెప్పుకోసం మాట తిప్పడం కుదరదు. కృతిపతిగా దైవాన్ని నిలపడంలో భక్తితోపాటు ఈ నిక్కచ్చితనం కూడా ఉంది.

పోతన కథ ఇంకా లోతుకు వెళుతుంది. గజేంద్రమోక్షంలో వైకుంఠాన్ని వర్ణించబోయి ఆయన కలం ఆగిపోయిందట. పోతన ఇంట్లో లేని సమయంలో రాముడు వచ్చి పద్యం పూర్తి చేసి వెళ్ళాడట. వచ్చినవాడు కోదండం పట్టుకుని రాలేదు, అచ్చం పోతన రూపంలోనే వచ్చాడు. ఇంట్లోవాళ్ళు కూడా పోల్చుకోలేకపోయారు. ఈ కథ అల్లినవాళ్ళు పైన వేసిన ప్రశ్నకు జవాబు చెప్పేశారు. సాయం పైనుంచే వస్తుంది, ముఖం మాత్రం రాసేవాడిదే.

అలాగని అంతా ఊహే అనుకోనక్కర్లేదు. కాళిదాసు లేకపోయినా మేఘసందేశం ఉంది. మన ఇష్టానికి అది వంగదు. తన వాక్యాన్ని దాని పక్కన పెట్టి పైకి చదివితే ఎక్కడ తూకం తప్పిందో చెవికే తెలుస్తుంది. అందుకే ఎంచుకునేటప్పుడు పేరు చూసి లాభం లేదు. చివరి పేజీ దాకా, మళ్ళీమళ్ళీ చదివిన రచయితే ఈ పనికి పనికొస్తాడు. చదవని మహాకవి ఏమడిగినా తల ఊపుతాడు.

ఇంకో సంగతి కూడా ఉంది. కథలోని కాళిదాసు భవభూతి శ్లోకాన్ని తన శ్లోకంగా మార్చలేదు. తన ఉపమ ఒక్కటీ అందులో దూర్చలేదు. సున్న దగ్గర వేలు పెట్టి మళ్ళీ పావు జరిపాడు.

ఉత్తరరామచరితం ప్రతుల్లో ‘ఏవ’ పాఠమూ ‘ఏవం’ పాఠమూ రెండూ కనిపిస్తాయి. ఆ శ్లోకాన్ని ఒకసారి సున్నతో, ఒకసారి సున్న లేకుండా పైకి చదివి చూడండి.