పరసహాయము – ఆర్జవము

మనసులోనున్నదే మాటగాను, మాటలోనున్నదే చేతగాను వెలువడుట ఆర్జవము. భగవద్గీత దీనిని జ్ఞానసాధనములలోను దైవసంపదలోను పేర్కొనినది. దీనికి విరోధియగు దంభమును ఆసురసంపదకు మొదట నిలిపినది. ఈ గుణము తపోవనములందే గాక విద్యార్థి వ్రాతబల్ల యొద్దను పరీక్షింపబడును.

నేడు అమెరికాలోని పెక్కు కళాశాలలు, ప్రవేశము కోరు విద్యార్థిని, మార్కులతో పాటు తన్ను గూర్చి తానే ఒక వ్యాసమును వ్రాసి పంపుమని అడుగుచున్నవి. అనేక కళాశాలలకు ఉమ్మడిగానున్న దరఖాస్తులో ఈ వ్యాసము 650 మాటలకు మించరాదు. ఇంత చిన్న స్వీయచరిత్రను సైతము రుసుము గైకొని వ్రాసియిచ్చువారు బయలుదేరిరి. కృత్రిమ మేధ క్షణములో వ్రాసియిచ్చుచున్నది.

అయినచో సహాయమంతయు దోషమేనా? తెలంగాణమునుండి సూరతునకు వలసపోయి మరమగ్గములపై జీవించు పద్మశాలి కుటుంబములు ఎన్నియో కలవు. అట్టి యింటి బిడ్డ ఇంట తెలుగును, వీధిలో గుజరాతీని పలుకుచు, ఆంగ్లమున దరఖాస్తు వ్రాయవలసివచ్చినపుడు, ఎవరి సాయమును పొందరాదనుట ధర్మమా, కాఠిన్యమా?

ఈ ప్రశ్నకు వెలుగు చూపు ఉదాహరణము సూరతు జిల్లాలోనే కలదు. గాంధీజీ ఆత్మకథను గుజరాతీనుండి ఆంగ్లమునకు అనువదించిన మహాదేవ దేశాయి 1892లో ఆ జిల్లాయందలి సరస్ గ్రామమున జన్మించెను. 1940 నాటి ద్వితీయ ముద్రణ పీఠికలో ఆయన రెండు విషయములను దాచక తెలిపెను. 1928–29లో బార్డోలీ రైతుల శిస్తును గూర్చి బ్రూమ్‌ఫీల్డ్ సంఘము విచారణ జరుపుచుండగా తాను అచ్చట నుండుటచే, అయిదవ భాగమున 29 మొదలు 43 వరకు గల ప్రకరణములను సహచరుడగు ప్యారేలాల్ అనువదించెను. మరియు ఆంగ్లభాషాకోవిదుడగు ఒక పూజ్యమిత్రుడు గ్రంథభాషను సంస్కరించెను. తన పేరు వెల్లడింపరాదను నియమముతోడనే ఆయన అందులకు పూనుకొనెను. ఆయన శ్రీనివాస శాస్త్రియని తరువాత లోకమునకు తెలిసినది.

ఇచట మరుగుపడినది సహాయకుని పేరు మాత్రమే, సహాయము మరుగుపడలేదు. ఇచ్చినవాడు వినయముచే తప్పుకొనెను. పొందినవాడు కృతజ్ఞతతో ప్రకటించెను. వెలకు కొన్న వ్యాసమునందు జరుగునది దీనికి విపరీతము: పొందినవాడే లాభముకొరకు సహాయమును దాచును.

ఆ ఆత్మకథలోనే మరియొక ఘట్టము కలదు. గాంధీ రాజకోట ఉన్నతపాఠశాలలో మొదటి యేట చదువుచుండగా, జైల్స్ అను తనిఖీ అధికారి వచ్చి పిల్లలచే అయిదు ఆంగ్లపదములను వ్రాయించెను. ‘కెటిల్’ అను పదమున బాలుడు వర్ణక్రమము తప్పెను. ప్రక్కవాని పలకను చూచి దిద్దుకొమ్మని ఉపాధ్యాయుడు బూటుమొనతో సూచించినను అతడు గ్రహింపలేదు. తక్కినవారందరు సరిగా వ్రాసిరి. అతడొక్కడే మూఢుడుగా ఎంచబడెను.

గ్రంథమంతటిని ఇతరునిచే దిద్దించుకొనుట దోషము కాకుండగా, ఒక్క పదమును ప్రక్కపలకనుండి గ్రహించుట దోషమెట్లగును? అధికారి కోరినది ఆ బాలుని జ్ఞానమును. అనువాదమున పాఠకుడు కోరునది గాంధీజీ భావములకు తగిన ఆంగ్లమును. కావున సహాయము ఎంతయనునది ధర్మాధర్మములను నిర్ణయింపదు. అడిగినవాడు దేనిని కోరెను? పొందినవాడు దేనినైన దాచెనా? ఇవియే గీటురాళ్లు.

కళాశాల కోరునది విద్యార్థి ఎట్టివాడో అతని పలుకులలోనే తెలియవలెనని. కావున పెద్దలు అతని చిత్తుప్రతిని చదివి, ‘ఈ వాక్యము బోధపడలేదు, నీవు చెప్పదలచినదేమి?’ అని ప్రశ్నింపవచ్చును, అక్షరదోషములను చూపవచ్చును, అతడు మరచినదానిని జ్ఞప్తికి తేవచ్చును. అతడు తలపని తలపును, అనుభవింపని అనుభవమును చేర్చినచో అది సహాయము కాదు, వేషము. కళాశాల నియమము ఇంకను కఠినమైనచో ఆ నియమమే ప్రమాణము.

అందరును అట్లే చేయుచుండగా సత్యవంతుడు నష్టపోడా యని కొందరందురు. నష్టపోవచ్చును. రాజకోట బాలుడును ఆనాడు నష్టపోయెను. సత్యమునకు ఫలము వెంటనే లభించునని ఎవరును హామీ ఇయ్యజాలరు. కాని వేషమువలన కలుగు హాని అంతకంటె పెద్దది. మరియొక అర్హునికి దక్కవలసిన చోటు పోవుట యటుండనిండు. ‘నీ జీవితము ఉన్నదున్నట్లు చూపుటకు తగదు’ అని పదునేడేండ్ల బిడ్డకు పెద్దలే బోధించినట్లగును. మగ్గము చప్పుడులో చదువుకొన్నవాడు ఆ చప్పుడును గూర్చి వ్రాయుటకు సిగ్గుపడునట్లు చేయుట విద్య కాదు.

నేతపనిలో పోగు తెగినపుడు ప్రక్కవాడు వచ్చి అతుకును. అంతమాత్రమున ఆ వస్త్రము నేసినవానిది కాకపోదు. అంగడిలో కొన్న వస్త్రమును తన మగ్గముపై నేసితినని చెప్పుటయే అసత్యము. ఈ భేదమును ఎరిగి సాయపడుట పెద్దల ధర్మము. ఎరిగి సాయము పొందుట విద్యార్థి ధర్మము.