చెప్పు కరిస్తే...

కొత్త చెప్పులు కరుస్తున్నాయంటే మన ఇళ్ళల్లో దొరికే సలహా ఒక్కటే. "నాలుగు రోజులు తొడుగు, అవే సర్దుకుంటాయి." కాస్త కొబ్బరినూనె రాస్తాం, మడమ దగ్గర దూది పెడతాం. నిజం చెప్పాలంటే ఆ నాలుగు రోజుల్లో సర్దుకునేది చెప్పు కాదు, కాలు! బొబ్బెక్కి, చితికి, కాయ కాచి, ఆ చోటు ఇక ఫిర్యాదు చెయ్యడం మానేస్తుంది. అప్పుడు మనం తృప్తిగా "సరిపోయాయి" అనుకుంటాం.

ఈ "సరిపోయాయి" అన్న మాట మీద నాకు చాలాకాలంగా అనుమానం.

అమెరికాలో ఉన్న మా పిన్ని కొడుకు మంచు మీద జారే ఆట నేర్చుకుంటున్నాడు. దానికి వేసుకునే బూట్లు గట్టి ప్లాస్టిక్‌వట. వాటిని కాలికి కుదర్చడమే వృత్తిగా బతికేవాళ్ళు అక్కడ ఉన్నారట. లోపలి మెత్తటి తొడుగు తీసేసి, ఉత్త డొల్లలో కాలు పెట్టించి, మడమ వెనక ఎన్ని వేళ్ళ సందు ఉందో చూస్తారు. నిటారుగా నిలబడితే కాలివేళ్ళు ముందు గోడకి తగలాలి, మోకాళ్ళు వంచితే వెనక్కి రావాలి. మావాడి చీలమండ ఎముక ఒత్తుకుంటుంటే, అక్కడ ప్లాస్టిక్‌ని కాచి బయటికి నెట్టారట. "ఎముకని అరగదియ్యలేరు కదక్కా, బూటునే వంచారు" అని నవ్వాడు.

ఇలాంటి భోగం మన నిమ్మనపల్లెలో ఎక్కడ అనుకున్నాను. కానీ ఈ విద్య మనకి దగ్గర్లోనే, వేలూరులో ఉంది. ఆట కోసం పుట్టింది కాదది, అవసరం కోసం పుట్టింది.

మా అమ్మకి పద్దెనిమిదేళ్ళుగా షుగరు. అరికాళ్ళలో స్పర్శ పోయింది. అయినా టమేటా తోట గట్ల మీద తిరగందే ఆవిడకి పొద్దుపోదు. అన్నయ్య మదనపల్లెలో ఒక దుకాణానికి తీసుకెళితే, వదులైనవన్నీ పక్కకి నెట్టి బాగా బిగుతైన జత ఏరుకుంది. "అవేస్తే కాలికి చెప్పుండేదే తెలీలేదు మే. ఇవైతే పట్టుకోనుండాయి" అంది నాతో. స్పర్శ తగ్గినవాళ్ళు తరచూ ఇలాగే బిగుతైనవి ఎంచుకుంటారని డాక్టర్లు చెబుతారు. గట్టిగా నొక్కితేనే వాళ్ళకి ఏదో ఉన్నట్టు తెలుస్తుంది మరి! ఆ మాట విన్న రాత్రి నాకు నిద్రపట్టలేదు. నాకు తెలిసిన ఎన్ని సంసారాలు కళ్ళముందు తిరిగాయో మీకు చెప్పక్కర్లేదు.

వారం తిరక్కుండా చిటికెనవేలి కింద పుండు పడింది. ఇంట్లో బండల మీద మరకలు చూసి పనమ్మాయి చెప్పేదాకా అమ్మకి తెలియదు. అది మానాక పుంగనూరు, పలమనేరు, చిత్తూరు మీదుగా వేలూరు వెళ్ళాం.

చెప్పులు చేసే ఆయన పీటమీద కూర్చుని అమ్మ కాలు తన ఒళ్ళోకి తీసుకున్నాడు. "తప్పు నాయనా!" అంటూ అమ్మ చటుక్కున లాక్కుంది. నా చిన్నప్పుడు మా ఊళ్ళో చెప్పులు కుట్టే తాత పెరటి గుమ్మం దగ్గరే ఆగిపోయేవాడు. తోలు మీద కాలు పెట్టిస్తే బొగ్గుతో చుట్టూ గీసుకునేవాడు. కాలు ముట్టుకునేవాడు కాదు, ముట్టుకోనిచ్చేవాళ్ళు కారు. పెద్దల కాళ్ళు ముట్టుకుంటే పుణ్యమన్న మనమే, ఆ కాళ్ళకి నీడనిచ్చేవాణ్ణి ముట్టుకోవద్దన్నాం. ఆ చెప్పులు కరవక ఏం చేస్తాయి?

తర్వాత అమ్మని కళ్ళు మూసుకోమని, సన్నటి నైలాన్ పోగుతో అరికాలిలో అక్కడక్కడా తాకించి, "తగిలిందామ్మా?" అని అడిగారు. "ఆఁ, తగిల్తా ఉంది" అంది అమ్మ. అప్పటికి పోగు ఇంకా కాలి దాకా రానేలేదు! పాపం, అంత శ్రద్ధగా అడుగుతున్న మనిషిని కష్టపెట్టడం ఎందుకనుకుంది.

ఆయన నవ్వలేదు. వాదించనూ లేదు. సిరా పూసిన పరికరం మీద అడుగు వేయించి ముద్ర తీశాడు. బరువు ఎక్కువ పడే చోట ముద్ర నల్లగా పడుతుందట. మెత్తటి రబ్బరు పరిచిన చెప్పులు, మేకు అన్నది లేకుండా జిగురుతో అతికించి, మడమ వెనక పట్టీ పెట్టి ఇచ్చాడు. అరగంట నడిపించి, విప్పించి, ఎక్కడ ఎర్రబడిందో చూశాడు. అరచెయ్యి తిప్పి, చేతి వెనక భాగంతో ఎక్కడ వెచ్చగా ఉందో చూశాడు. ఒకచోట రబ్బరు కాస్త చెక్కి మళ్ళీ నడిపించాడు.

ఈ రబ్బరు చెప్పులు వేలూరు, కరిగిరి ఆసుపత్రుల్లో కుష్ఠురోగుల కోసం పుట్టాయి. 1946లో వేలూరు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ కనిపెట్టిందేమిటంటే, వాళ్ళ వేళ్ళు ఊడిపోతున్నది రోగం తినేయడం వల్ల కాదు, నొప్పి తెలియక దెబ్బ మీద దెబ్బ తగలడం వల్లనని. నొప్పి ఎవరూ కోరని వరమని 1993లో ఆయన, మరో రచయిత కలిసి ఓ పుస్తకమే రాశారు.

మరి మనం? నొప్పి చెప్పని ఆడదాన్ని భూదేవితో పోలుస్తాం. తెలిసి భరించడం ఓర్పే, కాదనను. అమ్మ అలా భరించినవి నాకు తెలుసు. కానీ తెలియడమే మానేసినదాన్ని కూడా ఆ లెక్కలోనే వేసి మెచ్చుకుంటున్నామేమో!

"ప్రతిదానికీ నొప్పి నొప్పి అంటే సంసారాలు సాగుతాయా?" అన్నారు మావారు. అందులోనూ న్యాయముంది. మంచు బూటు బిగుతుగా లేకపోతే మనిషి పడిపోతాడు. నిలబెట్టే ఒత్తిడి వేరు, పుండు చేసే ఒత్తిడి వేరు. అయితే ఏది ఏదో తొడుక్కుని ఉండగా తెలియదు, విప్పి చూడాలి.

నన్ను వేధించిన ప్రశ్న ఇది కాదు. తిరిగి వస్తుంటే బస్సులో అమ్మ చిన్నబుచ్చుకుంది. "బాగుండాదని నేనే చెప్తా ఉంటే ఆయప్ప నమ్మడేం మే?" అని. ఒక మనిషి తన సంగతి తాను చెప్పాక నమ్మకపోవడం ఆ మనిషిని చిన్నచెయ్యడం కాదా? చాలాసేపు ఆలోచించాను. మాటని నమ్మడం మర్యాదే. కానీ పుట్టింటికొచ్చిన పిల్లని బస్టాండులో "బాగున్నావా?" అని అడిగి, "బాగున్నా" అనగానే సంచీ అందుకుని నడిచే మన మర్యాదలో, పని తొందరగా తెమిలిందన్న హాయి కూడా లేదూ? ఆయన అమ్మని అబద్ధమాడావనలేదు. అరగంట వేచి ఉన్నాడంతే. ఆ అరగంట మనం ఎవరికిస్తున్నాం?

ఇప్పుడు రోజూ సాయంత్రం పక్కింటి మనవరాలు వచ్చి అమ్మ అరికాలి కింద అద్దం పట్టి చూస్తుంది. "ఏమీ లేదులే పాపా" అంటుంది అమ్మ అది కూర్చోకముందే. "ఉండవ్వా, నేను చూడల్ల" అంటుంది అది. ఆ రబ్బరు వాడేకొద్దీ అణిగిపోతుందట. వచ్చే నెల మళ్ళీ వేలూరు వెళ్ళాలి. పట్టీలు ఇంకా కొత్తగానే ఉండాయి కదా, దండగ ఖర్చని అమ్మ గొణుగుతోంది.