కందిరీగ గూట్లో పురుగు

మా ఆవిడకు దూరపు అక్క కొడుకొకడు 2022 వేసవంతా న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మా బేస్‌మెంటులో ఉన్నాడు. 24 ఏళ్లు. ఎమ్మెస్ అయింది, ఓపీటీ (చదువయ్యాక పనిచేసుకునే అనుమతి) మొదలైంది, ఉద్యోగం లేదు. ఓపీటీలో మొత్తం 90 రోజులకు మించి ఖాళీగా ఉంటే స్టేటస్ పోతుంది. ఇండియన్ గ్రోసరీ వాళ్లిచ్చిన తెలుగు క్యాలెండరులో, తిథుల పక్కన, ఎర్ర పెన్నుతో 90 నుంచి కిందికి అంకెలు వేసుకునేవాడు. ఏకాదశి 41. పున్నమి 37. బట్టలు ఉతకడానికి కిందికి దిగినప్పుడల్లా నాకు ముందు ఆ గోడే కనిపించేది.

పగలంతా అప్లికేషన్లు పెట్టేవాడు. ఒక్కదానికీ జవాబు లేదు. అర్ధరాత్రి మాత్రం ఫోను మోగుతూనే ఉండేది. అదొక గ్రూపు. అందులో వీణ్ని ‘శేర్’, అంటే సింహం, అని పిలిచేవారు. పని అప్పజెప్పేవారు: ఫలానా వీడియో పదిమందికి పంపు, ఫలానా ముస్లిం విలేఖరిని తిట్టు. చేస్తే రెండు నిమిషాల్లో మెచ్చుకోలు. మతం మీద ప్రేమ వాణ్ని అక్కడికి తీసుకెళ్లిందని నేననుకోను. గుడికి రారా అంటే నిద్రొస్తోంది బాబాయ్ అనేవాడు. నువ్వు పనికొస్తావని వాడితో అన్నవాళ్లు ఆ వేసవిలో వాళ్లొక్కరే. నేనూ అనలేదు. భోజనం పెట్టాను, అంతే.

ఆగస్టు 14న ఇండియా డే పరేడ్‌కి కలిసే వెళ్లాం. జెండాల మధ్య ఒక బుల్డోజర్ వచ్చింది, ముందు మోదీ, యోగి ఆదిత్యనాథ్ బొమ్మలతో. ఆ ఏడాదే ఖర్గోన్‌లో, ప్రయాగ్‌రాజ్‌లో ముస్లింల ఇళ్లను అలాంటి యంత్రాలే కూల్చాయి. నిర్వాహకులు తర్వాత క్షమాపణ చెప్పుకున్నారు. ఆ పూట మాత్రం మావాడు జనాన్ని తోసుకుంటూ వెళ్లి దానితో సెల్ఫీ దిగాడు. వాడి ముఖం అంతగా వెలగడం నేను చూడటం అదే మొదలు. ఊళ్లో రోడ్డు వెడల్పు చేసినప్పుడు వాళ్ల తాత కట్టిన ఇల్లు సగం కూలిందనీ, నాయనమ్మ ఆ మట్టిలో కూర్చుని రోకలి కోసం వెతుక్కుందనీ నాకు చెప్పింది వాడే.

ఆదివారాలు నేను పిల్లలకు పోతన భాగవతం పద్యాలు చెబుతాను. సప్తమ స్కంధం మొదట్లో ధర్మరాజుకొక సందేహం వస్తుంది: ఎప్పుడూ తిట్టే శిశుపాలుడు కృష్ణుడిలో ఎలా కలిసిపోయాడు? నారదుడు కీటకం కథ చెబుతాడు. గోడ మీది కందిరీగ గూట్లో చిక్కిన పురుగు భయంతో, కోపంతో తనను పట్టి తెచ్చినదాన్నే తలచుకుని తలచుకుని చివరికి దాని రూపమే పొందుతుందట. పగ కూడా ధ్యానమే అన్నమాట. ఎన్నోసార్లు చెప్పిన పాఠం పరేడ్ తర్వాత ఒక ఆదివారం నా గొంతులోనే ఆగిపోయింది. శిశుపాలుడు తలచుకున్నది హరిని, అందుకే గట్టెక్కాడు. మావాడు రాత్రీ పగలూ తలచుకుంటున్నది ఎవర్ని? ఇళ్లు తగలబెట్టే గుంపునొకదాన్ని ఊహించుకున్నాడు. ముస్లిం అంటే ఆ గుంపే అనుకున్నాడు. దాన్నే ధ్యానించి ధ్యానించి, ఇళ్లు కూలితే సంబరపడే గుంపులో తానే ఒకడయ్యాడు. అదే స్కంధంలో ప్రహ్లాదుడు తండ్రితో లోకాలన్నీ గెలిచావు, లోపలున్న ఆరుగురు శత్రువుల్ని గెలవలేకపోయావంటాడు. హిరణ్యకశిపుడికి కోపమొచ్చింది. నేను చెబితే మావాడికీ వచ్చింది.

‘‘అయితే మనల్ని మనం కాపాడుకోవద్దా, బాబాయ్?’’

ఈ ప్రశ్నను నేను తీసిపారేయను. ఈ దేశంలో మనకు భయం లేదనడం అబద్ధం. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేతేలో శ్రీనివాస్ కూచిభొట్లను ఒకడు బార్‌లో కాల్చి చంపాడు. నా దేశం నుంచి పొండి అని అరిచాడు. అతన్ని ఇరానీ అనుకున్నాడు. ఆ మాట చెప్పి, నీ ఫోను తియ్యరా అన్నాను. గ్రూపులో వాడు ముందురోజు రాసింది చదవమన్నాను. ఇంగ్లీషులోనే ఉంది: మా దేశం నుంచి పొండి. పైకి చదవలేకపోయాడు.

‘‘ఆ రాత్రి ఇయాన్ గ్రిల్లట్ అని తెల్లవాడొకడు తుపాకీ ఉన్నవాడి వెంట పరుగెత్తాడు. మనవాళ్లు ఏ దేశంవాళ్లని అతను చూడలేదు. తూటా చేతిలోంచి ఛాతీలోకి వెళ్లింది. బతికాడు.’’

‘‘వయసెంత?’’

‘‘24.’’

వాడు కంచంలో చెయ్యి పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. పెరుగన్నం ఎండిపోయింది.

కందిరీగ గూటి సంగతి ఇంకొకటుంది. మా అమ్మగారింట దూలానికి అలాంటి మట్టిగూడు ఉండేది. చిన్నప్పుడు పుల్లతో పగలగొట్టి చూశాను. పురుగు కందిరీగగా మారడం ఉత్త మాట. కందిరీగ దాన్ని కుట్టి, కదలకుండా చేసి, తన పిల్లలకు మేతగా దాస్తుంది. లోపల గుడ్డు పగిలి పిల్ల బయటికొచ్చేదాకా పురుగు బతికే ఉంటుంది. వాణ్ని శేర్ అన్నవాళ్లలో ఎవరికి పదవులొస్తాయో, ఎవరికి వ్యూస్ మీద డబ్బులొస్తాయో వాడికి తెలియదు. పేరు బయటపడి కేసయితే పోయేది మాత్రం వీడి వీసా.

క్యాలెండరులో అంకె 19 దగ్గరున్నప్పుడు డాలస్‌లో ఉద్యోగం వచ్చింది. వెళ్తూ క్యాలెండరు గోడకే వదిలేశాడు. గ్రూపులోంచి బయటికొచ్చాడో లేదో నేనడగలేదు. ఆదివారం పాఠం అవగానే ఫోను చేస్తాను. ఒక్కోసారి ఎత్తుతాడు. ఎత్తినప్పుడు ఏం వండుకున్నావురా అని మొదలుపెడతాను.