ఎవరి యెదుట ఒప్పుకొందుము?

ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకలలో మన పొరుగున కథోలిక సహోదరులున్నారు. వారు పాపసంకీర్తనమునకు గురువునొద్దకు వెళ్లుదురు. వ్యాధిలో నుదుటను, చేతులను తైలము పూయించుకొందురు. ఆ తైలము చావు ఘడియకు మాత్రమే కాదని వారి రెండవ వాటికన్ మహాసభ 1963లో తేటపరచెను.

మనమో, దేవునియొద్దనే ఒప్పుకొందుమందుము. అది సత్యమే, క్రీస్తొక్కడే మధ్యవర్తి (1 తిమోతి 2:5). అయితే చేపల చెరువు గట్టుకొరకు తగవులాడిన అన్నదమ్ముని యెదుట నోరు తెరచితిమా? యాకోబు రోగికొరకు పెద్దలను పిలిపించుమని, నూనె రాయుమని చెప్పి ఊరకుండలేదు. తప్పులను ఒకరియెదుట ఒకరు ఒప్పుకొనవలెననియు చెప్పెను (5:14-16). ఇది గురువునొద్దకు పోవుటకంటె సులువు కాదు. గురువు రహస్యము దాచును. పొరుగువాడు రేపును మన ముఖము చూచును.

ప్రియులారా, ప్రభువు బల్లకు రాకమునుపు ఆ గడప తొక్కుదము. మంచము పట్టినవానియొద్దకు, మాట పడిపోకమునుపే పోవుదము.