పరీక్షయా? పరామర్శయా?



తప్పు చేసినవానిని జైలుకు పంపక, ఇంటివద్దనే ఉండి బాగుపడుమని కోర్టు విడిచిపెట్టినది. అతడు మరల మత్తుమందు ముట్టలేదని ఋజువు చేయుటకు పిలిచినప్పుడెల్ల మూత్రము పరీక్షకు ఇవ్వవలెను. ఇది అతనికి మేలా, అవమానమా?

మన దేశపు 1958 నాటి ప్రొబేషన్ చట్టములో కూడ మత్తు మానవలెనను షరతు పెట్టుటకు వీలున్నది. అయితే పరీక్షలను ఒక క్రమముగా నడిపినది అమెరికావారు. హవాయి దీవులలోని హోనలూలూలో 2004లో స్టీవెన్ ఆల్మ్ అను జడ్జిగారు ఒక ఏర్పాటు చేసిరి. ప్రొబేషన్‌లో ఉన్నవారు పనిదినములలో ప్రతి ఉదయము ఫోను చేసి, తమకిచ్చిన రంగు పిలిచినారో లేదో తెలిసికొనవలెను. పిలిచిన ఆ దినమే పరీక్ష. మత్తు బయటపడినచో వెంటనే అరెస్టు, కొద్ది దినముల జైలు. అంతకుముందు తప్పు మీద తప్పు చూచీచూడనట్లు విడిచి, చివరకు ఏండ్ల తరబడి లోపల వేసెడివారు. నెలంతా ఊరకుండి ఒకనాడు బెత్తము విరుగగొట్టు పంతులువలన ఏ పిల్లవాడును బాగుపడడు, ఇది బడిలో పనిచేసినవారికి తెలిసినదే.

2009లో వెలువడిన పరిశీలనలో, ఏడాది గడచునప్పటికి వీరిలో క్రొత్త నేరములకు అరెస్టగుట మామూలు ప్రొబేషన్ వారికంటె 55 శాతము తక్కువగా ఉండెను. అయితే 2016లో మరి నాలుగు రాష్ట్రములలో 1,500 మందికి పైగా పరిశీలింపగా పెద్ద తేడా కనబడలేదు. పరీక్ష అదే, జైలు అదే. కారణము గూర్చి పండితులు వాదించుకొననిండు. నా మనస్సు నిలిచినది వేరొకచోట. పడిపోతినని తానే ఒప్పుకొన్నవానికి ఆ జడ్జిగారు తక్కువ దినములు వేసెడివారు, బుకాయించి లేబొరేటరీలో పట్టుబడినవానికి ఎక్కువ. మూత్రములో ఈ ఇద్దరికిని తేడా లేదు! ఆ తేడా ఎదుట నిలువబెట్టి అడిగినప్పుడే తెలియును. అడుగువాడు లేనిచోట పరీక్ష వట్టి కాపలా మాత్రమే.

పేతురు ముమ్మారు బొంకెను. సముద్రతీరమున ప్రభువు అతనిని ఏమడిగెనో మనకు తెలుసు. బొంకితివా అని మాత్రము అడుగలేదు.

సంఘపెద్దలమైన మనకును ఇది దూరపు సంగతి కాదు. కొన్నేండ్ల క్రిందట, త్రాగుడు మానుదునని మా యెదుట ఒప్పుకొన్న ఒక సహోదరుని, ప్రభురాత్రి భోజనపు ఆదివారమున గుమ్మమువద్ద ఆపి, పలుకరించు నెపముతో నోటి వాసన చూచితిని. వాసన లేదు. నేనెందుకు అంత దగ్గరకు వచ్చితినో అతడు గ్రహించెను. ఆ దినము బల్లలో చేరక వెనుక బెంచీనుండి లేచి వెళ్లిపోయెను. మరుసటి వారము ఇంటికి పోయి క్షమాపణ అడిగితిని.

"మాస్టారూ, అడిగితే చెప్పేవాడినే కదండీ" అన్నాడు.