తనకు తగిన వ్యాపారము

చిన్న పెట్టుబడితో అంగడి తెరవదలచిన యువకుడు లాభమెంత, పోటీ యెంత అని విచారించును. అది యుక్తమే. కాని ఆ వ్యాపారము తన వ్రతమునకు తగునా యని ముందుగా చూడవలెను. శ్రావకుడు విడువవలసిన వృత్తులు 15 అని ఉపాసకదశాసూత్రము చెప్పుచున్నది. బొగ్గు కాల్చుట, అడవి నరికించుట, దంతము, లక్క, విషము అమ్ముట, గానుగ ఆడించుట వానిలోనివి.

బట్టల కొట్టు ఆ పట్టికలో లేదు. అంతమాత్రమున నిర్దోషమా? గజంబద్ద అంగుళము తగ్గినచో అస్తేయవ్రతమునకు దోషము తప్పదు.

ఎంతవరకు ఆర్జింపవలెననునదియు ప్రశ్నయే. ఆ సూత్రములోని ఆనందుడు కోటీశ్వరుడయ్యును, వ్యాపారమున 4 కోట్ల సువర్ణమునకు మించరాదని మితి ఏర్పరచుకొనెను.

వ్రతము కాచుకొన్నచో లాభము కొంత తగ్గవచ్చును. కాని రాత్రి చిట్టా చూచుకొనునపుడు బిడ్డల కంటబడకుండ దాచవలసిన పద్దు ఉండదు. అట్టి వ్యాపారమే తనకు తగినది.